సెప్టెంబర్ 17: పేర్ల గొడవలో పోయిన లెక్కలు

ఏటా సెప్టెంబర్ వచ్చిందంటే తెలంగాణలో ఒక వాదన లేస్తుంది. 17వ తేదీని ఏమని పిలవాలి? విమోచన దినమా, విలీన దినమా, సమైక్యతా దినమా? 2022లో కేంద్ర ప్రభుత్వం సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో విమోచన దినం జరిపింది. అదే రోజు రాష్ట్ర ప్రభుత్వం పబ్లిక్ గార్డెన్స్‌లో జాతీయ సమైక్యతా దినం జరిపింది. 2024 మార్చిలో కేంద్రం గెజిట్ ఇచ్చి, ఇక ప్రతి ఏటా ఇది హైదరాబాద్ విమోచన దినోత్సవమేనని ప్రకటించింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో కొత్త రాష్ట్ర ప్రభుత్వం దీనికి ప్రజా పాలన దినోత్సవం అని పేరు పెట్టింది. కమ్యూనిస్టుల్లో కొందరు ఎప్పటినుంచో విద్రోహ దినం అంటూనే ఉన్నారు.

ఒక తేదీకి ఇన్ని పేర్లు ఎందుకు? ఆ రోజు చుట్టూ చచ్చిపోయిన మనుషుల్లో ఎవరిని గుర్తుంచుకోవాలి, ఎవరిని మరిచిపోవాలి అన్నది తేలలేదు కాబట్టి. ప్రతి పేరూ కొందరి దుఃఖాన్ని ముందుకు తెస్తుంది, ఇంకొందరి దుఃఖాన్ని వెనక్కి నెడుతుంది. ఈ లాగులాటలో అందరికన్నా ఎక్కువ నలిగేది మామూలు ముస్లిం కుటుంబం. ఏడు తరాల నుంచి ఈ మట్టిలోనే బతికినా, ఈ తేదీ వచ్చేసరికి వాళ్లు ఒక రాజు చేసిన తప్పులకు వారసులుగా నిలబడాల్సి వస్తుంది.

ఎవరి రాజ్యం అది?

నిజాం రాజ్యం గురించి ఇవాళ చెప్పే కథ చాలా చిన్నది. ముస్లిం రాజు, హిందూ ప్రజలు, అంతే. రాజు ముస్లిం అన్నది నిజమే. 1941 జనాభా లెక్కల నాటికి రాజ్యంలో ముస్లింలు ఇంచుమించు ఎనిమిదిలో ఒకరేనన్నదీ నిజమే. ప్రభుత్వ కొలువుల్లో ముస్లింల వాటా జనాభాలో వాళ్ల వాటా కంటే చాలా ఎక్కువ. అధికార భాష ఉర్దూ. తెలుగు, మరాఠీ, కన్నడ మాట్లాడే రైతుకు తన భూమి కాగితం మీద ఏం రాసి ఉందో చదువుకునే వీలు లేదు. ఈ అవమానం కల్పన కాదు. దీన్ని దాచిపెట్టి నిజాం పాలనను స్వర్ణయుగంగా చూపించే వాళ్లు కూడా చరిత్రకు న్యాయం చేయడం లేదు.

కానీ ఆ చిన్న కథలో పట్టనివి చాలా ఉన్నాయి. ఊళ్లలో రైతు నెత్తిన కూర్చున్నది ఎవరు? దేశ్‌ముఖ్‌లు, పటేల్ పట్వారీలు. తెలంగాణ పల్లెల్లో వీళ్లలో ఎక్కువ మంది హిందువులే. విస్నూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి కింద వేల ఎకరాలు ఉండేవి. ఆయన మనుషుల మీద తిరగబడ్డ చాకలి ఐలమ్మ కథ అందరికీ తెలుసు. అదే విస్నూరు దేశ్‌ముఖ్ మనుషుల చేతిలో చనిపోయిన షేక్ బందగీ కథ కొందరికే తెలుసు. భూమి తగాదాలో దొరతో కోర్టుకెక్కి కొట్లాడిన పేద ముస్లిం రైతు ఆయన. జనగామ దగ్గర కామారెడ్డిగూడెంలో ఆయన సమాధి దగ్గర హిందువులూ ముస్లింలూ కలిసి మొక్కుతారు. ఐలమ్మకూ బందగీకీ శత్రువు ఒక్కడే. వాళ్ల మతాలు వేరు.

ఇంకాస్త వెనక్కి వెళ్తే బ్రిటిష్ వాళ్లు కనిపిస్తారు. నిజాం స్వతంత్ర రాజు అని పేరేగానీ, 1798 ఒప్పందం నాటి నుంచి ఇంగ్లీషు సైన్యం నీడలోనే ఉన్నాడు. ఆ సైన్యం ఖర్చుల కోసమే 1800లో రాయలసీమ జిల్లాలు కంపెనీ చేతికి పోయాయి. 1853లో బేరార్ పోయింది. సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఆ నీడకు గుర్తు. మొదటి ప్రపంచ యుద్ధంలో చేసిన సాయానికి ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌కు బ్రిటిష్ వాళ్లు ఇచ్చిన బిరుదు కూడా అదే చెబుతుంది. బ్రిటిష్ ప్రభుత్వానికి నమ్మకమైన మిత్రుడు అన్నది ఆ బిరుదు.

మరి బ్రిటిష్ వాళ్లతో కొట్లాడింది ఎవరు? 1857 జులై 17న కోఠి రెసిడెన్సీ మీద దాడి చేసింది తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్, వాళ్ల వెంట వచ్చిన వందల మంది. నిజాం దర్బారు ఆ రోజు ఇంగ్లీషు వాళ్ల పక్షాన ఉంది. తుర్రెబాజ్ ఖాన్‌ను చంపి శవాన్ని జనం చూసేలా వేలాడదీశారు. మౌల్వీని అండమాన్ పంపించారు. ఆ రెసిడెన్సీ భవనంలో ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం ఉంది, దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. తుర్రెబాజ్ ఖాన్ దాడి చేసిన భవనం మీద ఐలమ్మ పేరు ఉండటం బాగానే ఉంది. ఇద్దరినీ ఒకే చరిత్రలో చెప్పడం మాత్రం ఇంకా మొదలు కాలేదు.

రజాకార్ అనే మాట

రజాకార్ అంటే స్వచ్ఛందంగా పనిచేసేవాడు అని అర్థం. ఆ అర్థం ఎప్పుడో చచ్చిపోయింది. ఖాసిం రజ్వీ నాయకత్వంలో రజాకార్లు ఊళ్ల మీద పడి దోచుకున్నారు, ఇళ్లు తగలబెట్టారు, మనుషుల్ని చంపారు. 1947 సెప్టెంబర్ 2న పరకాలలో జెండా ఎత్తిన జనం మీద కాల్పులు జరిగాయి. 1948 ఆగస్టు 27న ఇప్పటి సిద్దిపేట జిల్లాలోని బైరాన్‌పల్లిలో వంద మందికి అటూ ఇటుగా చనిపోయారు. అక్కడి బురుజు ఇంకా నిలబడే ఉంది. ఈ దుఃఖాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు.

రజాకార్ల వెనక ఒక ఆలోచన కూడా ఉంది. ప్రతి ముస్లిం ఈ రాజ్యానికి యజమానే అని ఇత్తెహాదుల్ ముస్లిమీన్ అప్పట్లో ప్రచారం చేసింది. చెప్పులు కుట్టుకునేవాడికీ, టాంగా తోలేవాడికీ నువ్వే పాలకుడివి అని చెప్పారు. అతని చేతిలో జాగీరు లేదు, కొలువు లేదు. ఉన్నదల్లా ఆ మాటే. రాజ్యం కూలినప్పుడు ఆ మాటకు ధర కట్టాల్సి వచ్చింది మాత్రం అతనే.

ఆ రోజుల్లో అందరూ ఆ మాటకు లొంగిపోలేదు. ఇమ్రోజ్ అనే ఉర్దూ పత్రిక నడిపిన షోయబుల్లా ఖాన్ రజాకార్లను ఎదిరించి రాశాడు, హైదరాబాద్ భారత్‌లో కలవాలని రాశాడు. 1948 ఆగస్టులో కాచిగూడలో ఆయన్ని నరికి చంపారు. మఖ్దూం మొహియుద్దీన్ కమ్యూనిస్టు పార్టీ జెండా పట్టుకుని అజ్ఞాతంలోకి వెళ్లాడు. రజాకార్ల కత్తికి బలైన వాళ్లలో, వాళ్లతో తలపడ్డ వాళ్లలో ముస్లింలు ఉన్నారు.

ఇవాళ ఆ మాట ఎలా వాడుతున్నారు? ఎన్నికల సభల్లో ప్రత్యర్థిని తిట్టడానికి వాడతారు. 2024లో ఆ పేరుతోనే సినిమా వచ్చింది. చివరికి ఆ మాట 1948 నాటి ఒక దళాన్ని వదిలేసి, ఇప్పటి ఒక సమాజం మొత్తానికి అంటుకుంటోంది. ఒక్క హైదరాబాద్‌లోనే ఇలా జరగలేదు. బంగ్లాదేశ్‌లో 1971 యుద్ధంలో పాకిస్తాన్ సైన్యానికి తోడు నిలిచిన దళాల పేరు కూడా రజాకారే. అక్కడ కూడా ఆ మాట రాజకీయ తిట్టుగా మారింది. 2024 జులైలో ప్రధాని షేక్ హసీనా కోటా ఉద్యమంలో ఉన్న విద్యార్థుల గురించి ఆ మాట వాడితే, యూనివర్సిటీ పిల్లలు రాత్రికి రాత్రి రోడ్డెక్కారు. తాతల కాలపు నేరాన్ని మనవళ్ల నుదుట రాయడం ఎంతో కాలం సాగదని ఢాకా చూపించింది.

17 తర్వాత జరిగింది

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం బయలుదేరింది, 17 సాయంత్రానికి నిజాం లొంగిపోయాడు. ఆపరేషన్ పోలో అన్నారు, జనం నోట పోలీస్ యాక్షన్‌గా మిగిలింది. పాఠ్యపుస్తకాల్లో కథ అక్కడితో అయిపోతుంది. చాలా కుటుంబాలకు అక్కడే మొదలైంది.

సైన్యం వెళ్లిన దారిలో, ముఖ్యంగా మరాఠ్వాడా, కర్ణాటక వైపు జిల్లాల్లో, ముస్లింల మీద దాడులు జరుగుతున్నాయని కబుర్లు ఢిల్లీ చేరాయి. నెహ్రూ అడిగితే పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ నవంబర్ 29 నుంచి డిసెంబర్ 21 దాకా తిరిగారు. 16 జిల్లాల్లో 9 జిల్లాలు చూశారు, 109 ఊళ్లకు చెందిన 500 మందికి పైగా మనుషులతో మాట్లాడారు. వాళ్లు ఇచ్చిన నివేదిక ప్రకారం పోలీస్ యాక్షన్ సమయంలో, ఆ తర్వాత చనిపోయినవాళ్లు ఎంత తక్కువగా లెక్కేసినా 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ అనే నాలుగు జిల్లాల్లోనే 18 వేల మంది. ఔరంగాబాద్, బీడ్, నల్లగొండ, మెదక్ జిల్లాల్లో కనీసం 5 వేల మంది. ఖాసిం రజ్వీ వకీలుగా పనిచేసిన లాతూరులో హత్యలు 20 రోజులకు పైగా సాగాయని రాశారు. ఆడవాళ్లను ఎత్తుకుపోవడం, బలవంతపు మతమార్పిడి, ఆస్తులు లాక్కోవడం కూడా రాశారు. కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు దోపిడీలో పాల్గొన్నారని రాశారు.

అదే నివేదికలో ఇంకో సంగతి కూడా ఉంది. ప్రాణాలకు తెగించి పొరుగు ముస్లింలను కాపాడిన హిందువుల గురించి కూడా సుందర్‌లాల్ బృందం రాసింది. బయటి నుంచి వచ్చిన మూకలకు అడ్డుపడి, తమతో పాటు మగ్గం నేసే ముస్లింలను హిందూ నేతగాళ్లు కాపాడిన సంఘటనలు అందులో ఉన్నాయి. నివేదికను దాచిపెట్టడం వల్ల ఈ మంచి కూడా మరుగున పడింది.

నివేదిక తీరును సర్దార్ పటేల్ తప్పుపట్టారు. అది అచ్చు కాలేదు. 1988లో ఒమర్ ఖాలిదీ తన సంకలనంలో కొంత భాగం వేశారు. మామూలు పాఠకులు ఢిల్లీలోని నెహ్రూ మెమోరియల్‌లో పూర్తి కాపీ చూడగలిగింది 2013లో, అంటే 65 ఏళ్ల తర్వాత. రజాకార్ల అరాచకాల మీద భారత ప్రభుత్వ శ్వేతపత్రం 1948లోనే అచ్చయింది. ఒక జాబితా అదే ఏడాది జనం చేతికి వచ్చింది, ఇంకో జాబితా పెట్టెలో ఉండిపోయింది. జ్ఞాపకాల మధ్య ఇవాళ కనిపించే ఎక్కువ తక్కువలకు మూలం ఇక్కడ ఉంది.

తర్వాత ఎవరికి ఏం జరిగిందో చూస్తే మనసు కలుక్కుమంటుంది. నిజాం రాజప్రముఖ్ అయ్యాడు, 1956 దాకా ఆ హోదాలో ఉన్నాడు. ప్రధాని లాయక్ అలీ 1950లో గృహనిర్బంధం నుంచి తప్పించుకుని పాకిస్తాన్ వెళ్లిపోయాడు. ఖాసిం రజ్వీ జైలు నుంచి 1957లో బయటికొచ్చి పాకిస్తాన్ చేరాడు. ఊళ్ల నుంచి పారిపోయిన దేశ్‌ముఖ్‌లు ఖద్దరు టోపీ పెట్టుకుని తిరిగొచ్చారు. మిగిలింది ఎవరు? నౌకరీ పోయిన చప్రాసీ, సైన్యం రద్దయి రోడ్డున పడ్డ సిపాయి, జాగీరు కచేరీలో రాత పని చేసుకునే గుమాస్తా, భర్తను పోగొట్టుకున్న ఆడమనిషి. వీళ్లెవరూ రాజ్యం ఏలలేదు.

అరబ్బులు, పఠాన్ల సంగతి ఇంకా విచిత్రం. నిజాం సైన్యంలో పనిచేసిన వాళ్లను విదేశీయులని పట్టుకుని నిర్బంధించారు, దేశం దాటించే ప్రయత్నం చేశారు. వాళ్లలో చాలామంది ఇక్కడే పుట్టారు, ఇక్కడే పెళ్లిళ్లు చేసుకున్నారు. ఎవరు మనవాడు, ఎవరు పరాయివాడు అన్న ప్రశ్న కొత్త దేశంలో అప్పుడే మొదలైంది. హైదరాబాద్‌లో బార్కస్ వీధులు ఇప్పటికీ ఆ కథ చెబుతాయి.

సైన్యం అక్కడితో ఆగలేదు. 1951 అక్టోబర్‌లో సాయుధ పోరాటం విరమించే దాకా కమ్యూనిస్టు రైతు దళాలను వేటాడింది. పోరాటం మొత్తంలో 4 వేల మంది దాకా చనిపోయారని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. వీళ్లలో ఎక్కువ మంది హిందూ పేద రైతులు, కూలీలు. విమోచన వేడుకలో వీళ్ల పేర్లకూ చోటు లేదు.

ముక్కలైన మ్యాప్

1956లో భాషల వారీగా రాష్ట్రాలు ఏర్పడ్డాక హైదరాబాద్ రాష్ట్రం మూడు ముక్కలైంది. ఆ రాష్ట్రంతో పాటు దాని జ్ఞాపకమూ మూడు ముక్కలైంది. మహారాష్ట్రలో సెప్టెంబర్ 17 మరాఠ్వాడా ముక్తి సంగ్రామ దినం. కర్ణాటకలో 2019 నుంచి కల్యాణ కర్ణాటక ఉత్సవం. తెలంగాణలో పేరు ప్రభుత్వాన్ని బట్టి మారుతుంది. సుందర్‌లాల్ నివేదికలో ఉన్న పేర్లలో కొన్ని ఇవాళ మ్యాప్‌లో వెతికితే దొరకవు. గుల్బర్గా 2014లో కలబురగి అయింది. 2023లో ఉస్మానాబాద్ ధారాశివ్ అయింది, ఔరంగాబాద్ ఛత్రపతి శంభాజీనగర్ అయింది. పేరు మార్చుకునే అధికారం ప్రభుత్వాలకు ఉంది. కానీ అక్కడ తాత చనిపోయాడని మనవడు చెప్పాలంటే, ముందు ఆ ఊరు ఎక్కడుందో వివరించాల్సి వస్తోంది.

పరాయితనం ముస్లింలతోనే ఆగిపోలేదని కూడా గుర్తుంచుకోవాలి. 1948 తర్వాత బయటి ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లు హైదరాబాద్ కొలువుల్లో నిండిపోతుంటే 1952లో ముల్కీ ఉద్యమం లేచింది, విద్యార్థులు కాల్పుల్లో చనిపోయారు. సొంత గడ్డ మీద రెండో తరగతి మనుషులం అయిపోయామన్న బాధ తెలుగు ముల్కీకీ ఉర్దూ ముల్కీకీ ఒకటే. తెలంగాణ ఉద్యమంలో ఆ బాధకు గొంతు దొరికింది. రాష్ట్రం వచ్చాక అందులో సగం గొంతును పక్కన పెట్టడం న్యాయం కాదు.

లెక్కలన్నీ ఒకే పుస్తకంలో

ఇలాంటి సమాజాలు జ్ఞాపకాన్ని ఎలా ఎదుర్కోవాలో దక్షిణాఫ్రికా అనుభవం కొంత చెబుతుంది. వర్ణవివక్ష పాలన పోయాక ఆర్చిబిషప్ డెస్మండ్ టుటు అధ్యక్షతన సత్య, సయోధ్య కమిషన్ కూర్చుంది. బాధితుల నుంచి 20 వేలకు పైగా వాంగ్మూలాలు తీసుకుంది. తెల్లవాళ్ల ప్రభుత్వం చేసిన నేరాలతో పాటు, విముక్తి కోసం కొట్లాడిన ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ చేసిన తప్పులు కూడా రాసింది. 1998లో నివేదిక బయటికి రాకుండా ఆ పార్టీ కోర్టుకు వెళ్లింది, కోర్టు ఒప్పుకోలేదు. ఆ కమిషన్‌లో లోపాలు లేకపోలేదు. చాలామందికి న్యాయం జరగలేదు, భూమి సమస్య తీరలేదు. అయినా ఎవరి చావూ లెక్కకు బయట ఉండకూడదన్న ఒక్క నియమాన్ని అది నిలబెట్టింది.

హైదరాబాద్‌కు ఆ నియమం చాలు. బైరాన్‌పల్లి పేర్లు, లాతూరు పేర్లు, సాయుధ పోరాటంలో ఒరిగిన రైతుల పేర్లు ఒకే పుస్తకంలో ఉండాలి. ఒకరి పేరు రాస్తే ఇంకొకరి పేరు చెరిగిపోదు. బైరాన్‌పల్లి గురించి మాట్లాడితే లాతూరును దాచినట్టు, లాతూరు గురించి మాట్లాడితే రజాకార్లను వెనకేసుకొచ్చినట్టు అనుకునే అలవాటు పోవాలి.

దీనికి పెద్ద రాజకీయ ఒప్పందాల కోసం కాచుకుని కూర్చోనక్కర్లేదు. సుందర్‌లాల్ నివేదికనూ 1948 శ్వేతపత్రాన్నీ ప్రభుత్వమే తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడ భాషల్లో పక్కపక్కన వేయవచ్చు. ఆ కాలం నాటి రెవెన్యూ, పోలీసు కాగితాల్లో చాలా భాగం ఉర్దూలో ఉంది. తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో ఆ దస్తావేజులు చదవగలిగే వాళ్లు ఏటా తగ్గిపోతున్నారు. ఉర్దూ చదవడం వచ్చిన కుర్రవాళ్లకు ఆ పని నేర్పిస్తే ఉపాధి దొరుకుతుంది, చరిత్రా దొరుకుతుంది. పాఠ్యపుస్తకంలో ఐలమ్మ పక్కన బందగీ, బైరాన్‌పల్లి పక్కన మగ్గం తోటివాణ్ని కాపాడిన నేతగాడు చేరితే, తరగతిలో కూర్చున్న ముస్లిం పిల్లవాడు సెప్టెంబర్ పాఠం వచ్చినప్పుడు తల దించుకోవాల్సిన పని ఉండదు.

అన్నిటికన్నా తొందర పడాల్సింది ఇంకొకటి ఉంది. ఆ ఏడాది పదేళ్ల వయసున్న వాళ్లకు ఇప్పుడు తొంభై దగ్గర పడుతున్నాయి. బైరాన్‌పల్లిలో బురుజు ఎక్కి చూసినవాళ్లు, బీదర్ నుంచి రాత్రిపూట హైదరాబాద్‌కు నడిచొచ్చినవాళ్లు ఒకరొకరుగా వెళ్లిపోతున్నారు. చాలా ముస్లిం ఇళ్లలో ఈ కథలు పిల్లలకు చెప్పలేదు. చెబితే వాళ్లకు భయం పట్టుకుంటుందనో, కోపం పెరుగుతుందనో పెద్దలు మింగేశారు. చెప్పకపోవడం వల్ల పిల్లలకు కథ తెలియలేదు గానీ, భయం మాత్రం అలాగే చేరింది.

ఇంట్లో నానీ ఉంటే, పక్కింట్లో అవ్వ ఉంటే, ఇద్దరి దగ్గరా కూర్చుని ఫోన్‌లో రికార్డు చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఏ ఊరు, ఏ నెల, ఎవరెవరు పోయారు, ఎవరు కాపాడారు అని అడిగితే చాలు. రెండు భాషలూ వచ్చిన ఇళ్లు ఈ రాష్ట్రంలో లక్షల్లో ఉన్నాయి. ఒక భాషలో విన్నది ఇంకో భాషలో రాయగలిగేది వాళ్లే. ఆ రోజుకు ఏ పేరు పెట్టాలో వచ్చే సెప్టెంబర్‌లోనూ నాయకులు కొట్లాడుకుంటారు. అప్పటికి ఎన్ని పేర్లు రాసిపెట్టారన్నది మాత్రం ఇళ్లలో ఉన్నవాళ్ల చేతుల్లో ఉంది.